శనివారం పాటల గొడవ: తరచుగా అడిగే ప్రశ్నలు

మా డాబా మీదికి కొత్తగా వచ్చే ప్రతివాళ్లూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పుకురాలేక ఒకచోట రాసి పెట్టాను. రాసింది నేను కాబట్టి అక్కడక్కడా నా పక్షపాతం కనిపిస్తుంది. ఒప్పుకోనివాళ్లు శనివారం వచ్చి వాదించుకోవచ్చు.

అసలు ఇక్కడ ఏం జరుగుతుంది?

విజయవాడలో ఒక డాబా, పది ప్లాస్టిక్ కుర్చీలు, ఎనిమిది మందిమి. బ్యాంకులో రిటైరైనవాళ్లు ఇద్దరు, లెక్కల మాస్టారు ఒకరు, మందుల షాపాయన, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా పాడే ఆయన, మా బావ, నేను. ఎనిమిదోవాడు డాలస్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో వస్తాడు. మాకు సాయంత్రం టీ, వాడికి పొద్దుటి కాఫీ.

ఒకరు పాత పాట గురించి ఒక ప్రశ్న వేస్తారు. మిగతావాళ్లు జవాబు చెప్పాలి. జవాబు చెప్పినవాళ్లకి తర్వాతి ప్రశ్న వేసే హక్కు. ఎవరూ చెప్పలేకపోతే అడిగినవాడే చెప్పి, రుజువు చూపించాలి. పాడటం తప్పనిసరి కాదు. మా బావ పాడకుండా ఉండటం మాత్రం తప్పనిసరి.

ఏ పాటలు లెక్కలోకి వస్తాయి?

తెలుగు టాకీ పుట్టినప్పటినుంచి 1999 దాకా వచ్చిన సినిమా పాటలు. 2000 తర్వాతివి పెడితే పిల్లలు గెలుస్తారు. ఇంతకంటే పెద్ద కారణం లేదు.

సినిమాలో లేని పాటల్లో ఒక్కదానికి మినహాయింపు ఇచ్చాం: "మా తెలుగు తల్లికి మల్లెపూదండ". శంకరంబాడి సుందరాచారి గారు 1942లో దీనబంధు సినిమా కోసం రాశారు. సినిమాలో వాడలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో గ్రామఫోన్ రికార్డుగా వచ్చి ఊరూరా తిరిగింది, తర్వాత రాష్ట్ర గీతమైంది. సినిమా నుంచి బయటపడటం వల్లే బతికిన పాట ఇంకోటి నాకు గుర్తులేదు. పాడినావిడ ప్రకాశం పంతులు గారి సోదరుడి కూతురు. 1961లో న్యూయార్క్ వెళ్లి టాగోర్ నాటకంలో రాణి వేషం వేసి అవార్డు కూడా తెచ్చుకున్నారు. ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు మందుల షాపాయన నమ్మలేదు. ఇప్పుడు కొత్తవాళ్లకి చెప్పేది ఆయనే, తనే కనిపెట్టినట్టు.

మంచి ప్రశ్న అంటే ఎలా ఉండాలి?

ఎవరికీ తెలియనిది అడగడం గొప్పేం కాదు. వారం ఆడి వెళ్లిపోయిన ఒక సినిమాలో కోరస్ పాడిందెవరని ఒకాయన అడిగాడు. అందరం ఆకాశం వైపు చూశాం. ఆయనే జవాబు చెప్పాడు. ఓహో అన్నాం. టీ తాగాం. ఆయన మళ్లీ రాలేదు.

మంచి ప్రశ్న వినగానే నలుగురూ ఒకేసారి జవాబు అరవాలి. అది తప్పయి ఉండాలి. ఉదాహరణకి "వివాహ భోజనంబు" పాడిందెవరు? పదిమందిలో ఆరుగురు ఘంటసాల అంటారు. మాయాబజార్‌కి సంగీతం ఆయనదే కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ ఎస్.వి. రంగారావు నవ్వుకి అతికినట్టు పాడినాయన మాధవపెద్ది సత్యం.

ఇంకోటి. "తెలుగు వీర లేవరా" పాటని ఘంటసాల సినిమా హాల్లో విన్నారా లేదా? వినలేదు. ఆయన పోయింది 1974 ఫిబ్రవరి 11న, అల్లూరి సీతారామరాజు విడుదలైంది మే 1న. ఆ పాటకే శ్రీశ్రీ గారికి జాతీయ అవార్డు వచ్చింది. పాట రచనకి తెలుగులో అదే మొదటిది. ఇది మా లెక్కల మాస్టారి ప్రశ్న. అది వేసిన రోజు కాసేపు ఎవరం మాట్లాడలేదు. గొంతు అంత హుషారుగా "లేవరా" అంటుంటే పాడినాయన లేడన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

కుటుంబాల ప్రశ్నలు కూడా బాగా పనిచేస్తాయి. సంగీత దర్శకులు రాజ్–కోటి పాటలు మా తరం పెళ్లి ఊరేగింపుల్లో మోగినన్ని ఇంకెవరివీ మోగలేదు. కానీ రాజ్ గారి నాన్న టి.వి. రాజు, కోటి గారి నాన్న సాలూరి రాజేశ్వరరావు, ఇద్దరూ సంగీత దర్శకులే అని చెప్తే చాలామంది నోళ్లు తెరుస్తారు. రెండు తరాల కిందటి పోటీదారుల పిల్లలు ఒక్క హార్మోనియం ముందు కూర్చున్నారన్నమాట. వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడి పేరు అడిగితే జవాబు ఎ.ఆర్. రెహమాన్. ఇది వరసగా మూడు ప్రశ్నలుగా అడగొచ్చు. నేనైతే మూడోది ముందు అడుగుతాను.

ఫోన్లో చూసుకోవచ్చా?

కుదరదు. ఆట మొదలయ్యే ముందు ఫోన్లన్నీ పాత మురుకుల స్టీలు డబ్బాలోకి పోతాయి. డాలస్‌వాడు రెండు చేతులూ కెమెరాకి కనిపించేలా పెట్టాలి. వాడు కాలితో టైపు చేస్తున్నాడని మా బావకి ఇప్పటికీ అనుమానం.

రుజువు అంటే ఏది చెల్లుతుంది?

అన్నిటికంటే పైన గ్రామఫోన్ రికార్డు లేబుల్. దాని మీద ఆ పాట ఎవరు పాడారో పేరు ఉంటుంది. తర్వాత పాటల పుస్తకం. మా చిన్నప్పుడు హాలు బయట చిల్లర డబ్బులకి అమ్మేవాళ్లే, గరుకు కాగితం మీద సినిమా కథ సగం చెప్పి "మిగతాది వెండితెరపై చూడండి" అనేది, అదే. బ్యాంకులో రిటైరైన ఇద్దరిలో ఒకాయన దగ్గర (ఇకమీద బ్యాంకాయన అంటే ఈయనే) ఆ పుస్తకాలు ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. ఆయన్ని ఎదిరించి నెగ్గినవాళ్లు లేరు.

సినిమా టైటిల్స్ సగం సాక్ష్యమే. నేపథ్య గానం అని పేర్లన్నీ ఒకే గుత్తిగా వేసేస్తారు, ఎవరు ఏది పాడారో తేల్చరు. రేడియోలో విన్నాను అంటే పావు మార్కు. వివిధభారతిలో పాటకి ముందు చిత్రం, రచన, సంగీతం, గానం చెప్పేవాళ్లు, రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారు చెప్పేవారు, నిజమే. కానీ విన్నది వాళ్లు చెప్పిందా, మన చెవి కల్పించిందా అన్నది నలభై ఏళ్ల తర్వాత తేల్చేదెవరు? ఇంటర్నెట్‌లో పాటల సాహిత్యం పెట్టే చోట్లని అసలు ఒప్పుకోం. ఒకడు తప్పు రాస్తే పదిమంది అదే అచ్చుతప్పుతో సహా దించుకుంటారు.

సంవత్సరం దగ్గర గొడవ వస్తే?

వస్తుంది. ప్రతిసారీ వస్తుంది. శంకరాభరణం 1979 సినిమానా, 1980 సినిమానా? ఈ ఒక్క ప్రశ్న మీద రెండు శనివారాలు పోయాయి. సెన్సారు 1979లో అయింది, అందుకే జాతీయ అవార్డులు 1979కి ఇచ్చారు: సంగీతానికి కె.వి. మహదేవన్, గానానికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరామ్. కానీ హాల్లో బొమ్మ పడింది 1980 ఫిబ్రవరి 2న. మా నియమం ఇది: గేటు దగ్గర టికెట్ చింపిన రోజే సినిమా పుట్టినరోజు. కాబట్టి 1980.

ఆ తారీకు మాకు ఇంకో రకంగా గుర్తుండిపోయింది. శంకరాభరణం తీసిన విశ్వనాథ్ గారు పోయింది కూడా ఫిబ్రవరి 2నే, 2023లో. ఆ వారమే శనివారం వాణీ జయరామ్ గారి వార్త వచ్చింది. ఆ సాయంత్రం అందరం డాబా మీదికి వచ్చాం గానీ ప్రశ్నలు వేసుకోలేదు. ఆర్కెస్ట్రా ఆయన "మానస సంచరరే" అందుకున్నాడు, మిగతావాళ్లం కూర్చున్నాం.

తారీకుల విషయంలో ఇంకో జాగ్రత్త. మనం బడిలో నేర్చుకున్న జవాబే మారిపోవచ్చు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న వచ్చిందని దశాబ్దాల పాటు చెప్పుకున్నాం, పండగలూ చేసుకున్నాం. రెంటాల జయదేవ గారు పాత పత్రికలూ సెన్సారు వివరాలూ తవ్వి, అసలు విడుదల 1932 ఫిబ్రవరి 6 అని చూపించారు. 1931 అన్నవాళ్లకి మా దగ్గర సున్నా పడదు, సగం మార్కు పడుతుంది. వాళ్ల తప్పు కాదు, పుస్తకాల తప్పు. అన్నట్టు ఆ సినిమాకి పాటలు రాసింది చందాల కేశవదాసు గారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, నెలకోసారైనా వస్తుంది.

మాయాబజార్ మీద ప్రశ్నలు అడగొచ్చా?

నెలకి ఒక్కటి. ఇది బ్యాంకాయన వల్ల పెట్టిన నియమం. ఆయన ఆ సినిమా మీద ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్తాడు, తర్వాత అరగంట ఉపన్యాసం.

ఉపన్యాసంలో సారాంశం ఇక్కడే ఇచ్చేస్తున్నాను, ఆయనకి పని తగ్గుతుంది. మొదట సంగీతం సాలూరి వారిది. "లాహిరి లాహిరి లాహిరిలో"తో సహా నాలుగు పాటలకి ఆయన బాణీలు కట్టి తప్పుకున్నారు. వాటికి వాద్యాలు సమకూర్చి, రికార్డు చేసి, మిగతా సంగీతమంతా చేసింది ఘంటసాల. అందుకే "లాహిరి ఎవరిది" అని అడిగితే రెండు పేర్లూ చెప్పాలి, ఒక్కటే చెప్తే సగమే. "అహ నా పెళ్లియంట" సుశీల పాట అనుకుంటాం గానీ, మధ్యలో సావిత్రి ఒంట్లోని ఘటోత్కచుడు బయటపడే చోట వినిపించే మగ గొంతు ఘంటసాలది.

నాకు ఇష్టమైన ప్రశ్న వేరే. ఒకే సినిమా పాటల్లోంచి మూడు సినిమాలకి పేర్లు తీసుకున్న దర్శకుడు ఎవరు? జంధ్యాల. అహ నా పెళ్ళంట 1987లో, వివాహ భోజనంబు, చూపులు కలసిన శుభవేళ 1988లో. మూడూ మాయాబజారే.

ఈ బాణీ హిందీ నుంచి కొట్టేసిందే కదా, అలాంటివి అడగొచ్చా?

అడగొచ్చు, కానీ "కొట్టేశారు" అనే మాట వాడితే జరిమానా. రీమేక్ కొన్నప్పుడు కథతో పాటు బాణీలు వచ్చిన సందర్భాలు బోలెడు. 1976 ఆరాధన హిందీ గీత్‌కి రీమేక్. అందులో "నా మది నిన్ను పిలిచింది గానమై" వింటే హిందీ పాటే వినిపిస్తుంది. అయినా దాన్ని తెలుగు పాట కాదనే ధైర్యం నాకు లేదు.

దారి ఎటువైపు అన్నది చూడాలి. మన వాళ్లందరూ అటునుంచే తెచ్చుకున్నారని అనుకునేవాళ్లకి ఆదినారాయణరావు గారి పేరు చెప్పండి. 1955 అనార్కలిలో "జీవితమే సఫలము" హిందీ బాణీయే. కానీ రెండేళ్ల తర్వాత ఆయన సువర్ణసుందరితో లెక్క సరిచేశారు. తెలుగులో ఘంటసాల, జిక్కి పాడిన "హాయి హాయిగా ఆమని సాగే" హిందీలో లతా, రఫీల "కుహూ కుహూ బోలే కోయలియా" అయింది. సంగీత దర్శకుడు రెండు భాషల్లోనూ ఆయనే. నాలుగు రాగాలు మారే పాట అది. ఆర్కెస్ట్రా ఆయన్ని ఆ పాట పాడమని అడిగితే ముందు మంచినీళ్లు తాగి, తర్వాత వద్దులెండి అంటాడు.

బయటి గాయకులు తెలుగులో పాడినవి లెక్కలోకి వస్తాయా?

బ్రహ్మాండంగా వస్తాయి. లతా మంగేష్కర్ 1955లో సంతానం కోసం "నిదురపోరా తమ్ముడా" పాడారు, సుసర్ల దక్షిణామూర్తి సంగీతంలో. 1988లో ఆఖరి పోరాటంలో కూడా వినిపించారు. ఈ రెంటికీ మధ్య ముప్పైమూడేళ్లు. రఫీ గారైతే ఏకంగా ఎన్టీఆర్‌కే పాడారు. 1969 భలే తమ్ముడు మొదలు, పైన చెప్పిన ఆరాధన దాకా. 1979 అక్బర్ సలీం అనార్కలిలో ఆయన కొడుకు బాలకృష్ణకి పాడారు. పల్లెటూళ్ల వాళ్లకి ఎన్టీఆర్ గొంతు అంటే ఘంటసాలే కాబట్టి మొదట్లో ఇది వింతగా తోచిందని మా నాన్న చెప్పేవాడు.

దీన్ని తిప్పి అడిగితే ఇంకా బాగుంటుంది. కన్నడ రాజ్‌కుమార్‌కి ఏళ్ల తరబడి గొంతిచ్చిన గాయకుడు ఏ ఊరివాడు? మన కాకినాడ. పి.బి. శ్రీనివాస్. బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లు ఈ ప్రశ్న ఆఫీసులో వేసి చూడండి, సరదాగా ఉంటుంది. నాది పూచీ లేదు.

ఘంటసాల గొప్పా, బాలు గొప్పా?

ఈ ప్రశ్న డాబా మీద నిషేధం. మెట్ల మీద మాట్లాడుకోవచ్చు.

బాలు గారి మీదే ఇన్ని ప్రశ్నలెందుకు?

ఎటు తవ్వినా దొరుకుతాయి కాబట్టి. తొలి పాట కోదండపాణి గారి సంగీతంలో, 1967 శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న కోసం. పక్కన పాడింది సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య. కొత్త కుర్రాడు అలాంటి మైకు ముందు నిలబడ్డాడంటేనే నాకు కాళ్లు వణుకుతాయి. తర్వాత సొంతంగా స్టూడియో కట్టుకుంటే దానికి కోదండపాణి గారి పేరే పెట్టారు.

తప్పులో కాలేయించే ప్రశ్న కావాలా? ఆయనకి వచ్చిన ఆరు జాతీయ అవార్డుల్లో తెలుగు పాటలకి ఎన్ని? అందరూ నాలుగో అయిదో అంటారు. మూడే: శంకరాభరణం, సాగర సంగమం, రుద్రవీణ. మిగతా మూడూ హిందీ, కన్నడ, తమిళానికి ఒక్కొక్కటి.

సుశీల గారి గురించి అడిగేవాళ్లు తక్కువ, అది మా తప్పే. గాయనిగా జాతీయ అవార్డు దేశంలోనే మొదట అందుకున్నది ఆవిడ, 1968కి. అదీ తమిళ పాటకి. 2016లో గిన్నిస్ వాళ్లు లెక్కవేసి 17,695 పాటలని తేల్చారు. విజయనగరం నుంచి వచ్చిన మనిషి. జానకమ్మ గారిది అప్పటి గుంటూరు జిల్లా. ఇద్దరి గొంతులూ తేడా చెప్పలేనివాళ్లు మా డాబా మీద కనీసం ముగ్గురున్నారు, పేర్లు చెప్పను.

పిల్లలు వస్తే ఏం చేస్తారు?

వాళ్లకి వేరే ఆట. మేం కొత్త సినిమా పేరు చెప్తాం, అది ఏ పాత పాటలోంచి వచ్చిందో వాళ్లు చెప్పాలి. గోవిందుడు అందరివాడేలే? మిస్సమ్మ, 1955, "బృందావనమది అందరిది". నన్ను దోచుకుందువటే? గులేబకావళి కథ, 1962. ఆ సినిమాతోనే సినారె గారు పాటల రచయితగా అడుగుపెట్టారు. భలే భలే మగాడివోయ్? మరో చరిత్ర, 1978, ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు. మా తమ్ముడి కూతురికి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, మొదట్లో విసుక్కునేది. ఇప్పుడు పాత పాటలు వింటూ తిరిగి మమ్మల్నే అడుగుతోంది. "తమిళంలో మరగతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్, తెలుగులో ఎవరు పెదనాన్నా?" అంది ఒకరోజు. కీరవాణి అని చెప్పేలోపు లెక్కల మాస్టారు ముగ్గురు మనుషుల పేర్లు చెప్పేశాడు.

అంత్యాక్షరి కూడా ఆడతారా?

కరెంటు పోయినప్పుడు. "ళ", "ణ" వస్తే "ల", "న" తీసుకోవచ్చు. "య" దగ్గర ఆగిపోయి అర్ధగంట ఆలోచించేవాళ్లని బజ్జీలకి పంపిస్తాం.

పందెం ఏమిటి?

మిరపకాయ బజ్జీలు, ప్లేటు లెక్క. డబ్బులు పెట్టం. డాలస్‌వాడి బాకీ ఇప్పటికి పదకొండు ప్లేట్లు, సంక్రాంతికి వచ్చినప్పుడు వసూలు చేస్తాం.

నియమాలు రాసిన మీరే తప్పు చెప్తే?

చెప్పాను. "రావోయి చందమామా" ఘంటసాల పాడారని ఇరవై ఏళ్లు నమ్మాను. ఎన్టీఆర్ పెదవులు కదులుతున్నాయి, వేరే ఎవరు పాడతారు? పందెం కూడా కట్టాను. బ్యాంకాయన ఒక్కమాట మాట్లాడకుండా ఇంటికెళ్లి మిస్సమ్మ పాటల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఎ.ఎం. రాజా, పి. లీల. సినిమాలో ఎన్టీఆర్‌కి పాడింది రాజా గారేనట. నేను ఆ గొంతు వింటూ, మనసులో ఇంకో గొంతు వింటూ వచ్చానన్నమాట.

అక్కడితో ఆగితే బాగుండేది. లెక్కల మాస్టారు పుండు మీద కారం చల్లాడు. "ఆ పాట పాడిన ఇద్దరిదీ చిత్తూరే, అవునా కాదా?" అన్నాడు. రాజా గారిది చిత్తూరు జిల్లా అని తెలుసు. లీల గారిది కేరళ అనీ తెలుసు. కాబట్టి కాదు అన్నాను, గట్టిగా. లీల గారిది కేరళే. పాలక్కాడు దగ్గర, చిత్తూరు అనే ఊరు.

రెండో ప్లేటూ నేనే తెప్పించాను.

కొత్తగా వస్తున్నాను. ముందుగా ఏం తయారవ్వాలి?

ఏమీ అక్కర్లేదు, ఒక్క పని చేసి రండి. మరో చరిత్రలో లిఫ్టులో పాడుకునే పాట ఉంది, "కలిసి ఉంటే కలదు సుఖం" అని మొదలవుతుంది. పాటంతా సినిమా పేర్లే. హిందీలో ఏక్ దూజే కే లియే తీసినప్పుడు ఈ పాట స్థానంలో "మేరే జీవన్ సాథీ" వచ్చింది, అందులో హిందీ సినిమా పేర్లు. తెలుగు పాటలో ఎన్ని సినిమాలున్నాయో కాగితం మీద రాసుకుని తీసుకురండి. మా లెక్కలు ముగ్గురివి మూడు రకాలుగా ఉన్నాయి. శనివారం ఆరున్నరకి, ఎడమవైపు మెట్లు. చెప్పులు కిందే విడవండి.